రొమ్ము వెనక గోడ

జాకెట్టు కుట్టేచోట కొలతకు టేపు ఒక్కటే. దాన్ని ఛాతీ చుట్టూ తిప్పి, వదులు కోసం లోపల రెండు వేళ్లు పెట్టి, ముప్పై నాలుగో ముప్పై ఆరో పుస్తకంలో రాసుకుంటారు. కుడికి వేరుగా, ఎడమకు వేరుగా కొలత తీసే ఆనవాయితీ లేదు. అందువల్ల కొందరు ఆడపిల్లలకు తమ ఛాతీ సంగతి మొదట తెలిసేది డాక్టరు దగ్గర కాదు, టైలరు దగ్గర. ఒకవైపు చక్కగా కూర్చున్న జాకెట్టు రెండోవైపు ముడత పడుతుంది. విప్పి కుడతారు. మళ్లీ ముడతే. మూడోసారికి కుట్టే ఆవిడ గొంతు తగ్గించి, "ఈ పక్క కాస్త కప్పు పెట్టి కుట్టనా అమ్మా?" అంటుంది.

ఆ పిల్ల ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఒక నిర్ణయానికి వస్తుంది: నాకు ఒక రొమ్ము చిన్నది. చాలామంది విషయంలో అది నిజమే, అందులో వింతా లేదు. రెండు రొమ్ములూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే స్త్రీలు అరుదు. కానీ కొందరిలో తేడా రొమ్ములో ఉండదు. దాని వెనకున్న గోడలో ఉంటుంది.

టేపు చుట్టుకొలత చెబుతుంది, ఆకారం చెప్పదు. గుండ్రటి ఛాతీకీ, నడుమ గుంటపడిన ఛాతీకీ, ఒకవైపు కుంగిన ఛాతీకీ టేపు మీద అంకె ఒకటే రావచ్చు. ఈ అధ్యాయమంతా టేపు దాటేసిన ఆ సంగతి గురించే.

గూడుబండి ఎక్కినవాళ్లకు పక్కటెముకల అమరిక అర్థం చేసుకోవడం తేలిక. వెదురు బద్దలు వంచి రెండు అంచులకూ బిగించి, మీద చాప కప్పుతారు. మన ఛాతీలో అలాంటి బద్దలు పన్నెండు జతలు. వెనక అన్నీ వెన్నెముకకే తగులుకుంటాయి. ముందువైపుకు వచ్చేసరికి ఎముక ఆగిపోయి మృదులాస్థి మొదలవుతుంది. ముక్కు కొసను వేలితో నొక్కితే వంగి మళ్లీ లేస్తుందే, అలాంటి పదార్థం. పై ఏడు జతలూ ఆ మృదులాస్థి ద్వారానే ఛాతీ నడిమి ఎముకకు అతుక్కుంటాయి. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ఉరోస్థి. తర్వాతి మూడు జతలు తమ పైవాటి మృదులాస్థిని ఆనుకుంటాయి. అడుగు రెండు జతలూ ముందువైపు దేనికీ అంటకుండా వదులుగా ఉంటాయి.

రొమ్ము ఈ గోడ మీద సుమారుగా రెండో పక్కటెముక నుంచి ఆరోదాకా, ఉరోస్థి అంచు నుంచి చంక కిందిదాకా పరచుకుని ఉంటుంది. దానికీ పక్కటెముకలకూ మధ్య పెక్టొరాలిస్ మేజర్ అనే పెద్ద ఛాతీ కండరం. రొమ్ములో ఎముక లేదు, కండరం లేదు. పాలగ్రంథి, కొవ్వు, వాటిని చర్మానికి కట్టిపట్టే నారలు, అంతే. కాబట్టి దాని వాలు, అది చూసే దిక్కు చాలావరకు వెనక ఉన్న గోడ ఇచ్చినవే. గోడకు బిగించిన దీపం లాంటిది అది. గోడ ఎటు తిరిగితే వెలుగు అటు.

గోడ రకరకాలుగా వంకరపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది నడుమ గుంటపడటం. వైద్యుల భాషలో పెక్టస్ ఎక్స్‌కవేటమ్. జర్మన్లు మాత్రం సూటిగా గరాటు ఛాతీ అన్నారు. వాళ్లే దాన్ని చెప్పులు కుట్టేవాడి ఛాతీ అని కూడా పిలిచారు. చెప్పు అచ్చును రోజంతా ఛాతీకి అదిమిపట్టి పనిచేస్తే అలా గుంటపడుతుందని పాతకాలపు ఊహ. అది ఊహే. పుట్టుకతోనో, పెరిగే వయసులోనో వచ్చే మార్పు ఇది. యూరప్ వైద్య గ్రంథాల్లో 1594లో బౌహీనస్ రాసిన వర్ణన దీని గురించిన తొలి నమోదుగా చెబుతారు. సుమారు మూడు నాలుగు వందల జననాల్లో ఒకరికి ఉంటుందనీ, ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువనీ లెక్క.

ఆ చివరి వాక్యం దగ్గర కొంచెం ఆగాలి. మగపిల్లాడు చొక్కా విప్పి చెరువులో దూకితే ఊరందరికీ గుంట కనబడుతుంది. ఆడపిల్లకు ఆ అవకాశమే లేదు. పైగా రొమ్ములు పెరిగాక గుంట కొంత కప్పుబడి, రెండు రొమ్ముల మధ్య లోతులా భ్రమింపజేస్తుంది. మగవాళ్లలో ఎక్కువ అన్న లెక్కలో ఈ కనబడకపోవడం వాటా కూడా కొంత ఉంటుందని నా అనుమానం. కనబడకపోవడానికి ఇంకో ఫలితం ఉంది. ఛాతీ గుంటల మీద వైద్యం చాలాకాలం మగపిల్లల్ని ముందుపెట్టుకునే పెరిగింది. రొమ్ముల శస్త్రచికిత్స వేరే వార్డులో, వేరే సర్జన్ల చేతుల్లో పెరిగింది. ఒకే స్త్రీ శరీరంలో వేళ్ల దూరంలో ఉన్న రెండు సంగతుల్ని ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూశారు.

గుంట ఎందుకు పడుతుంది? పక్కటెముకల మృదులాస్థి పెరుగుదలలో అవకతవకలు జరిగి ఉరోస్థిని లోపలికి నెడుతుందన్నది ఎక్కువమంది చెప్పే కారణం. కొన్ని కుటుంబాల్లో వరసగా కనిపిస్తుంది. మార్ఫాన్ సిండ్రోమ్ లాంటి జన్యు సమస్యలు ఉన్నవాళ్లలో ఎక్కువ. పొడవు ఒక్కసారిగా పెరిగే పన్నెండు పదమూడేళ్ల వయసులో గుంట లోతెక్కుతుంది. ఆడపిల్లకు రొమ్ములు పెరిగే వయసూ అదే. రెండూ ఒకే సమయంలో జరిగేసరికి ఏది దేనివల్లో తల్లికి అర్థం కాదు, పిల్లకు అసలే కాదు.

గరాటు ఛాతీ మీద పెరిగిన రొమ్ములు ఎలా ఉంటాయో ఇప్పుడు ఊహించవచ్చు. గోడ రెండువైపుల నుంచీ నడిమికి వాలింది కనుక రెండు రొమ్ములూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. గుంట ఒకవైపు ఎక్కువగా ఉంటే ఆ వైపు రొమ్ము సమానంగా పెరిగినా లోపలికి ఒదిగి చిన్నదిగా కనిపిస్తుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకం ఉరోస్థి పడవ అడుగులా ముందుకు పొడుచుకొచ్చే ఛాతీ. అక్కడ రొమ్ములు ఎడమొహం పెడమొహంగా ఉంటాయి. వెన్నెముక పక్కకు ఒరిగి మెలితిరిగే స్కోలియోసిస్‌లో పక్కటెముకలు కూడా ఆ మెలికతో పాటే తిరుగుతాయి. ఒకవైపు పక్కటెముకలు ముందుకు, రెండోవైపు వెనక్కి. ముందునుంచి చూస్తే కనిపించేది మాత్రం రొమ్ముల తేడా.

గోడను కొలవాలంటే టేపు చాలదని చెప్పాను. చాలేది సీటీ స్కాన్. 1987లో అమెరికా జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల సర్జన్ హాలర్, ఆయన సహచరులు ఒక తేలికైన లెక్క ప్రతిపాదించారు. ఛాతీని అడ్డంగా కోసినట్టు చూపే స్కాన్ బొమ్మలో లోపలి వెడల్పు కొలవండి. గుంట అడుగు నుంచి వెన్నుపూస ముందు అంచుదాకా లోతు కొలవండి. వెడల్పును లోతుతో భాగించండి. వెడల్పు 25 సెంటీమీటర్లు, లోతు 10 అయితే రెండున్నర. మామూలు ఛాతీ దాదాపు అంతే. వెడల్పు అదే ఉండి లోతు ఆరుంపావు సెంటీమీటర్లకు తగ్గితే భాగఫలం 4. మూడుంపావు దాటితే గుంట తీవ్రమైనదిగా లెక్కవేసి ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు. టైలరు టేపులో లేనిది ఈ లోతే. గుండె ఎంత నొక్కుకుందో, పక్కకు ఎంత జరిగిందో కూడా ఆ స్కాన్‌లోనే కనిపిస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, వ్యాయామంలో తోటివాళ్లకన్నా ముందే అలిసిపోవడం ఉంటే ఎకో, ఊపిరితిత్తుల పరీక్షలు కూడా చేయిస్తారు.

గోడను సరిచేసే ఆపరేషన్లకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో రెండు పేర్లు తెలిస్తే చాలు. 1949లో మార్క్ రావిచ్ వంకరపోయిన మృదులాస్థుల్ని తీసేసి, ఉరోస్థిని కోసి పైకి లేపి నిలబెట్టే పద్ధతిని పద్ధతిగా రాసిపెట్టాడు. పెద్ద కోత. నలభై ఏళ్లపాటు అదే దారి. ఇక డొనాల్డ్ నస్. అమెరికా వర్జీనియాలోని నార్ఫోక్‌లో పిల్లల సర్జన్. ఆయనకు తట్టిన ప్రశ్న చాలా మామూలుది. ఏళ్లతరబడి దమ్ముతో బాధపడే పెద్దవాళ్ల ఛాతీ పీపాలా ఉబ్బుతుందే, అంటే ముదిరిన ఎముక కూడా ఆకారం మార్చుకోగలదన్నమాటే కదా! క్లిప్పులు పెడితే పళ్లు జరుగుతున్నాయి కదా! మరి పిల్లల్లో వంగే మృదులాస్థిని కోసి పారేయడమెందుకు? 1987లో ఆయన మొదలుపెట్టిన పద్ధతిలో రెండు చంకల కింద చిన్న గాట్లు పెట్టి, విల్లులా వంచిన లోహపు పట్టీని ఉరోస్థి వెనకగా దూరుస్తారు. దూర్చేటప్పుడు వంపు వెనక్కి ఉంటుంది. అవతలికి వచ్చాక తిప్పితే వంపు ముందుకొస్తుంది, దాంతో పాటు ఎముకా లేస్తుంది. పట్టీని రెండు మూడేళ్లు ఉంచి తీసేస్తారు. పదేళ్లు ఓపిక పట్టి, 42 మంది పిల్లల ఫలితాలతో 1998లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు.

చదవడానికి తేలిగ్గా ఉన్నా ఈ పట్టీ గుండె ముందునుంచి వెళుతుంది. గుండెకు గాయమైన సందర్భాలు అరుదు, కానీ ఉన్నాయి. అందుకే ఇప్పుడు లోపల కెమెరా పెట్టి చూస్తూ చేస్తారు. మొదటి వారాల నొప్పి తీవ్రమైనది. పక్కటెముకల నరాల్ని చల్లదనంతో తాత్కాలికంగా మొద్దుబార్చే పద్ధతి వచ్చాక కాస్త నయం. నికెల్ అలర్జీ ఉన్నవాళ్లకు టైటానియం పట్టీ. గుంట లోతుగా ఉండి గుండె నొక్కుకుంటున్న మనిషికి ఇది చేయదగ్గ పనే. ఆయాసం ఏమీ లేని, గుంట తేలికగా ఉన్న ముప్పై ఏళ్ల స్త్రీకి జాకెట్టు సరిగ్గా కూర్చోవడం కోసం ఇంత పని అవసరమా? ఇక్కడే ప్లాస్టిక్ సర్జన్ రంగంలోకి వస్తాడు.

ఆయన చేతిలో ఉన్న మొదటి సరుకు సిలికోన్ సంచి, అంటే ఇంప్లాంట్. 1962లో హ్యూస్టన్‌లో క్రోనిన్, జెరో అనే ఇద్దరు డాక్టర్లు టిమ్మీ జీన్ లిండ్సే అనే స్త్రీకి తొలిసారి పెట్టారు. ఆవిడ వచ్చింది ఛాతీ మీది పచ్చబొట్లు చెరిపించుకోవడానికి. సరిచేయించుకోవాలని ఉన్నది చెవులు. డాక్టర్లకు మాత్రం రొమ్ముల మీద ప్రయోగం చేయాలని ఉంది. అడగని పనికి ఒప్పుకుంటే చెవుల పనీ చేస్తామన్నట్టు ఒప్పందం కుదిరి చెవులూ సరిచేశారు. ఈ రంగం చరిత్రంతటికీ ఇది తగిన నాంది అనిపిస్తుంది నాకు.

అంతకు చాలా ముందే, 1895లో, జర్మనీ హైడెల్‌బర్గ్‌లో చెర్నీ అనే సర్జన్ ఒక స్త్రీకి గడ్డ తీసేశాక ఒకవైపు రొమ్ము చిన్నబోతుందని, ఆవిడ శరీరంలోనే వేరేచోట ఉన్న కొవ్వు గడ్డను తెచ్చి అక్కడ అమర్చాడు. రొమ్మును నింపి మలిచే శస్త్రచికిత్స చరిత్ర పెద్దది చేయడంతో మొదలవలేదు, రెండు పక్కలూ సరిచేయడంతో మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

మన లెక్కకు వద్దాం. కుడివైపు గోడ ఎడమకన్నా రెండు సెంటీమీటర్లు కుంగి ఉందనుకుందాం. పైనున్న రొమ్ములు సమానం. రెండువైపులా చెరో 250 మిల్లీలీటర్ల ఇంప్లాంట్ పెట్టారు. ఏమవుతుంది? రెండు సెంటీమీటర్ల తేడా అలాగే మిగులుతుంది. చిన్న రొమ్ముల మీద దాగి ఉన్న తేడా పెద్ద రొమ్ముల మీద బయటపడుతుంది కూడా. పోనీ కుడివైపు పెద్ద సంచి పెడదామంటే ముందుకు పొడుచుకొచ్చిన ఎత్తు సమానమవుతుంది కానీ రొమ్ము వెడల్పు, బరువు ఆ వైపు పెరిగిపోతాయి. పక్కనుంచి చూస్తే సమానం, ఎదురుగా చూస్తే కాదు.

గరాటు ఛాతీలో ఇంకో చిక్కుంది. వాలు గోడ మీద పెట్టిన సంచి వాలు వైపే జారుతుంది. రెండువైపుల సంచులూ నడిమి గుంటలోకి జారితే మధ్యలో ఉండాల్సిన ఎడం పోయి రెండు రొమ్ములూ కలిసిపోయినట్టవుతాయి. దాన్ని మళ్లీ విడదీయడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. అనుభవమున్న సర్జన్లు అందుకే సంచి కోసం ఉరోస్థి వైపు అర తవ్వడంలో ఎంతో పిసినారితనం చూపిస్తారు. కొలత మించిన సంచి అసలు పెట్టరు. ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీలోనైతే జారుడు చంకల వైపు.

ఇలా చెప్పానని ఇంప్లాంట్ పనికిరాదని కాదు. గుంట తేలికపాటిదై, ఊపిరికి ఇబ్బంది లేనప్పుడు, జాగ్రత్తగా ఎంచిన ఇంప్లాంట్లు రెండువైపులా పెట్టి గుంటను కప్పేయడం న్యాయమైన దారే. ఎముక ముట్టరు. స్త్రీ కోరినది అంతే అయితే అది చాలు. గోడ తీవ్రంగా వంకరగా ఉన్నప్పుడు మాత్రం వరస ముఖ్యం. ఇల్లు కట్టేవాళ్లు గోడ నిలువు చూసుకున్నాకే సున్నం వేస్తారు. ముందు గోడ, తర్వాత రొమ్ము. ఉరోస్థి లేచాక రొమ్ములు ముందుకు తిరుగుతాయి. అంతకుముందు అనుకున్న కొలతలన్నీ మారిపోతాయి. రెండూ ఒకే మత్తులో చేసే సర్జన్లూ ఉన్నారు. తొందర లేకపోతే పట్టీ తీసేదాకా ఆగడమే మేలని నా ఉద్దేశం. అప్పటికి కొందరికి రెండో ఆపరేషన్ అవసరమే కనిపించకపోవచ్చు.

ఫ్రాన్స్‌లోని టూలూజ్ నగరంలో ప్లాస్టిక్ సర్జన్ షావ్వాఁ, ఆయన బృందం మూడో దారి పట్టారు. రొమ్ముకు సంచి కాదు, గుంటకే దిమ్మె. మొదట్లో రోగి ఛాతీకి ప్లాస్టర్‌తో అచ్చు తీసేవాళ్లు. తర్వాత సీటీ స్కాన్ బొమ్మల నుంచి కంప్యూటర్‌లో ఆ గుంటకు సరిగ్గా సరిపోయే ఆకారం గీసి, దాన్ని గట్టి సిలికోన్ రబ్బరుతో తయారుచేయించి, కండరం కింద పెడుతున్నారు. లోపల ద్రవమో జెల్లో లేదు కనుక పగిలేది లేదు. 20 ఏళ్లలో 401 మందికి చేసిన అనుభవాన్ని వాళ్లు ప్రచురించారు. గుండె మీది ఒత్తిడి దీనితో తగ్గదు. గోడ అక్కడే ఉంటుంది, పైన నున్నగా పూడుస్తారు. ఒప్పుకుని చేసే పని కనుక ఇబ్బంది లేదు. పూడ్చడాన్ని బాగుచేయడమని చెప్పడమే తప్పు.

ఇంతవరకూ చెప్పినవి ఎముక వంకరలు. గోడకూ రొమ్ముకూ మధ్య ఉండే కండరమే లేకపోతే?

1841లో లండన్ గైస్ ఆస్పత్రిలో ఆల్ఫ్రెడ్ పోలండ్ అనే వైద్య విద్యార్థి జార్జ్ ఎల్ట్ అనే ఖైదీ శవాన్ని కోస్తూ, ఒకవైపు పెద్ద ఛాతీ కండరంలో ఎక్కువ భాగం లేదని గమనించాడు. ఆ వైపు చేతి వేళ్లూ అతుక్కుని ఉన్నాయి. ఆస్పత్రి నివేదికల్లో రాసిపెట్టాడు. 121 ఏళ్ల తర్వాత, 1962లో, అదే ఆస్పత్రికి చెందిన ప్లాస్టిక్ సర్జన్ పాట్రిక్ క్లార్క్‌సన్ దానికి పోలండ్ పేరు పెట్టాడు. కాబట్టి పోలండ్ సిండ్రోమ్‌కు పోలండ్ దేశంతో ఏ సంబంధమూ లేదు. సుమారు 30 వేల జననాల్లో ఒకటి అని తరచూ చెప్పే లెక్క. కుడివైపు ఎక్కువ. పిండం ఆరో వారంలో ఉండగా మెడ కింద నుంచి చేతికి వెళ్లే ధమనికి రక్తప్రసారం తగ్గడం వల్ల ఆ వైపు కండరం, రొమ్ము, కొన్నిసార్లు పక్కటెముకలు, వేళ్లు ఎదగకుండా ఆగిపోతాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

దీన్ని పట్టుకోవడానికి స్కాన్ అక్కర్లేదు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, అరచేతుల్ని ఒకదానికొకటి గట్టిగా నొక్కండి. చంక ముందు మడత రెండువైపులా బిగుసుకుని పిడికిట్లోకి వస్తుంది. ఆ మడతే పెద్ద ఛాతీ కండరం అంచు. పోలండ్ సిండ్రోమ్‌లో ఆ వైపు మడత ఉండదు, చర్మం ఒట్టిగా జారుతుంది. అలాంటివాళ్లకు ఇంప్లాంట్ ఒక్కటే పెడితే దాన్ని కప్పే కండ లేక అంచులు తెలిసిపోతాయి. వీపు మీది వెడల్పాటి కండరాన్ని, దాని రక్తనాళంతో సహా, చంక కిందుగా ముందుకు తిప్పి పరిచి ఆ మీదట రొమ్మును మలచడం పాత దారి. అయితే కొందరిలో ఆ వీపు కండరం కూడా పుట్టుకతోనే లేకపోవచ్చు; ముందే చూసుకోవాలి.

పోలండ్ అని పొరపాటు పడే ఇంకో రకాన్ని 2004లో వాషింగ్టన్‌లో స్కాట్ స్పియర్, ఆయన సహచరులు విడిగా గుర్తించారు. ఒకవైపు ముందు పక్కటెముకలు కుంగి ఉంటాయి, ఆ వైపు రొమ్ము చిన్నది, చనుమొన కొంచెం పైకి ఉంటుంది. కానీ కండరం నిక్షేపంగా ఉంటుంది, ఉరోస్థి దాని చోటులోనే ఉంటుంది. వీళ్లకు వీపు కండరం తెచ్చి పరచాల్సిన పని లేదు, ఇంప్లాంటే చాలా చక్కగా సరిపోతుంది. పేరు సరిగ్గా పెట్టడం వల్ల ఒక పెద్ద ఆపరేషన్ తప్పిపోయిన సందర్భం ఇది.

మరికొందరికి గోడ పుట్టుకతో బాగానే ఉంటుంది. రొమ్మునే చిన్నతనంలో చేజేతులా పోగొడతారు. ఎనిమిది, పదేళ్ల ఆడపిల్లకు ఒకవైపు చనుమొన కింద రూపాయి బిళ్లంత గట్టి గడ్డ తగులుతుంది. రెండోవైపు ఉండదు. ఇంట్లో గాబరా. అది గడ్డ కాదు, రొమ్ము మొగ్గ. ఒకవైపు ముందు, రెండోవైపు కొన్ని నెలలకు రావడం మామూలు. దాన్ని గడ్డ అనుకుని కోసి తీస్తే ఆ వైపు రొమ్ము ఇక జన్మలో రాదు. చిన్నప్పుడు గుండె ఆపరేషన్ కోసం ఛాతీ ముందువైపు పెట్టిన కోత ఆ మొగ్గ మీదుగా పోయినా, ఛాతీ లోతుగా కాలినా అదే నష్టం. ఈ పేరా ఒక్కటీ చదివి ఇంట్లో పిల్లలున్న నలుగురికి చెప్పినా ఈ అధ్యాయం రాసిన పని అయినట్టే.

కొవ్వు ఎక్కించే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఈ మధ్య అందరూ అడుగుతున్నారు గనక. పొట్ట నుంచో తొడల నుంచో సన్నని గొట్టంతో కొవ్వు పీల్చి, వడకట్టి, చిన్నచిన్న బొట్లుగా గుంటలో, రొమ్ము చుట్టూ ఎక్కిస్తారు. ఎక్కించినదంతా నిలవదు, చెప్పుకోదగ్గ భాగం నెలల్లో కరిగిపోతుంది. అందువల్ల రెండు మూడు విడతలు పడుతుంది. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 1987లో రొమ్ములో కొవ్వు ఎక్కించొద్దని గట్టిగా చెప్పింది. కొవ్వు గడ్డకట్టి క్యాన్సర్ పరీక్షల్లో అయోమయం కలిగిస్తుందని భయం. 2009లో ఆ పట్టు సడలించింది. వంకర గోడ మీద అంచులు నునుపు చేయడానికి, పోలండ్ సిండ్రోమ్‌లో పలచని చర్మం కింద మెత్తదనం తేవడానికి దీనికి సాటి లేదు. బక్కగా ఉన్న పిల్లకు మాత్రం తీయడానికి కొవ్వు ఎక్కడిది? గరాటు ఛాతీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది సన్నగా, పొడవుగా ఉంటారు.

ఇంప్లాంట్ జీవితకాలపు వస్తువు కాదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ సిలికోన్ జెల్ ఇంప్లాంట్లను 1992లో దాదాపుగా ఆపి, 2006లో మళ్లీ అనుమతించింది. 2019లో ఎఫ్‌డీఏ అడిగిన మీదట అలర్గాన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు తలమున్న రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. వాటి చుట్టూ ఏర్పడే పొరలో అరుదుగా లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వస్తోందని తేలడమే కారణం. పొర బిగుసుకుపోవడం, సంచి పగలడం, మళ్లీ ఆపరేషన్ పడటం మాత్రం అంత అరుదు కాదు. పగిలిన సంగతి బయటికి తెలియకపోవచ్చు. అందుకే పెట్టిన అయిదారేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి స్కాన్ చేయించుకోమంటారు. ఇరవై ఏళ్ల పిల్ల ఇంప్లాంట్ పెట్టించుకుంటోందంటే జీవితంలో ఇంకో రెండు మూడు ఆపరేషన్లకు కూడా ఒప్పుకుంటోందని చెప్పి మరీ సంతకం తీసుకోవాలి.

ఇక డబ్బు, దాని వెనక ఉన్న మాట. అదే సంచి, అదే కోత. దానికి కాగితం మీద రెండు పేర్లు ఉన్నాయి: సౌందర్య శస్త్రచికిత్స, పునర్నిర్మాణం. సిలికోన్ జెల్ ఇంప్లాంట్ అందం కోసమైతే 22 ఏళ్లు నిండాలని ఎఫ్‌డీఏ షరతు. పునర్నిర్మాణానికైతే వయసు షరతు లేదు. క్యాన్సర్‌కు తీసేసిన రొమ్ముతో పాటు, తీవ్రమైన లోపం వల్ల సరిగ్గా ఎదగని రొమ్మును కూడా అది పునర్నిర్మాణం కిందే లెక్కిస్తుంది. మన దగ్గర, హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారుచేసిన మినహాయింపుల జాబితాలో ప్లాస్టిక్ సర్జరీకి కొన్ని సడలింపులే ఉన్నాయి: ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణం, లేదా ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పు తొలగించే చికిత్సలో భాగం. పుట్టుకతో వచ్చినది ఆ వరసలో పేరుపెట్టి లేదు. పైకి కనిపించే పుట్టుక లోపాల్ని బీమా కంపెనీలు వేరే గీత గీసి తప్పిస్తాయి కూడా. కాలిన ఛాతీకి దక్కే హక్కు కండరం లేకుండా పుట్టిన ఛాతీకి దక్కదు. ఇందులో న్యాయం నాకు కనబడదు.

బ్రిటన్ కూడా 2019లో ఛాతీ గుంటల శస్త్రచికిత్సను ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో మామూలుగా చేసేవాటి జాబితా నుంచి తీసేసింది. ప్రయోజనానికి రుజువు చాలలేదన్నారు. మన పక్క రాష్ట్రం దీనికి ఎదురు దిక్కున నడిచింది. 2018లో చెన్నై స్టాన్లీ ఆస్పత్రిలో తమిళనాడు ప్రభుత్వం పేద స్త్రీలకు రొమ్ము శస్త్రచికిత్సలు ఉచితంగా చేయిస్తామంది. అందం పేదవాళ్లకు మాత్రం వద్దా అన్నట్టు మంత్రి మాట్లాడితే, ప్రాణాలు నిలిపే వైద్యానికే డబ్బు చాలనప్పుడు ఇదేమిటని ప్రజారోగ్య నిపుణులు కొందరు కోప్పడ్డారు. రెండు వాదాలూ రొమ్ము గురించే సాగాయి. వెనకున్న గోడ సంగతి ఎవరూ ఎత్తలేదు.

సర్జన్ దగ్గరికి వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. మిమ్మల్ని కూర్చోబెట్టి తల మీదుగా కిందికి చూశారా, పడుకోబెట్టి రెండువైపులా పక్కటెముకలు వేళ్లతో తడిమారా, వెన్నెముక వంగిందేమో చూశారా, చేతులు జోడించి నొక్కమన్నారా, గమనించండి. ఇవేవీ చేయకుండా క్యాటలాగ్ తీసి సైజులు చూపించే చోట నుంచి లేచి వచ్చేయండి. హైదరాబాద్ ఉస్మానియా, విశాఖ కింగ్ జార్జ్ లాంటి పెద్దాస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. ఒక అభిప్రాయం అక్కడా తీసుకోవచ్చు. ఏమీ చేయించుకోకుండా కప్పు పెట్టిన జాకెట్టుతో హాయిగా బతకడం కూడా ఒక నిర్ణయమే, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పెట్టించుకున్నవాళ్లు మాత్రం కంపెనీ పేరు, రకం, సీరియల్ నంబరు ఉన్న ఇంప్లాంట్ కార్డును ఆధార్ కార్డు పక్కన దాచుకోండి. మామోగ్రామ్‌కు వెళ్లిన రోజు, మిషను ముందు నిలబడకముందే ఆ కార్డు టెక్నీషియన్ చేతికివ్వండి.